కోర్టులోకి కంప్యూటరు వచ్చింది

(కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ళ కోసం చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



కోర్టు అనగానే చాలామందికి గుండె దడదడలాడుతుంది. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అని పెద్దలు ఊరికే అనలేదు. తిరిగి తిరిగి చెప్పులు అరిగిపోతాయి. కూలి పోతుంది. చేతిలో డబ్బు అయిపోతుంది. అయినా కేసు ఎక్కడ ఉన్నదో తెలియదు.

ఇప్పుడు కోర్టులోకి కంప్యూటరు వచ్చింది. సెల్ ఫోను వచ్చింది. వీడియో వచ్చింది. వీటివల్ల ఆడవాళ్ళకు మేలు ఎంత? కీడు ఎంత? వాటిని ఎలా వాడుకోవాలి? ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి? ఈ రోజు ఆ సంగతులు తెలుసుకోండి.

కింది కోర్టు అంటే ఏమిటి?

ఢిల్లీలో సుప్రీంకోర్టు ఉంది. అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఉంది. హైదరాబాదులో తెలంగాణ హైకోర్టు ఉంది. వాటి తీర్పులు పేపర్లో వస్తాయి. టీవీలో వస్తాయి. కాని మామూలు జనం కేసులు మొదట వెళ్ళేది అక్కడికి కాదు. దగ్గరి పట్నంలోనో, జిల్లా కేంద్రంలోనో ఉండే కోర్టుకు వెళ్తాయి. దాన్ని కింది కోర్టు అంటారు. విచారణ కోర్టు అని కూడా అంటారు.

సాక్షి బోనెక్కి చెప్పేది ఇక్కడే. కాగితాలు, వస్తువులు చూపించేది ఇక్కడే. మనోవర్తి, గృహహింస, కట్నం వేధింపు, పొలం తగాదా, చెక్కు కేసు, ఇవన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఇక్కడ చెప్పిన మాట రాతలోకి ఎక్కాలి. ఎక్కకపోతే పై కోర్టులో దాన్ని చూపించడం చాలా కష్టం. అందుకే పేరుకు కింది కోర్టే అయినా జనానికి అసలు కోర్టు ఇదే.

వెనుక ఎలా ఉండేది?

ఒక అక్క ఉందనుకోండి. భర్త ఆమెను వదిలేశాడు. ఇద్దరు పిల్లలు. ఆమె మనోవర్తి కోసం కేసు వేసింది. వాయిదా రోజున తెల్లవారుజామునే లేచి, బస్సెక్కి కోర్టుకు పోయేది. చెట్టుకింద కూచునేది. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు పేరు పిలుస్తాడు. ఆ పిలుపు వినపడకపోతే ఎట్లా అని మంచినీళ్ళకు కూడా లేచేది కాదు. సాయంత్రం నాలుగింటికి "వాయిదా పడింది" అని చెప్పేవారు. ఎందుకు పడింది? మళ్ళీ ఎప్పుడు? ఆ సంగతి గుమాస్తా చెప్పాలి. గుమాస్తా చిన్న చీటీ మీద తారీకు రాసి ఇచ్చేవాడు. చదువు రాని అక్క ఆ చీటీని కొంగున ముడేసుకునేది. ఇంటికొచ్చి ఎవరిచేతనో చదివించుకునేది.

ఆ చీటీ పోతే? తారీకు తప్పు రాస్తే? వాయిదాకు రాలేదని ఆమె కేసు కొట్టేయవచ్చు. ఆమె మీద అవతలివాళ్ళు వేసిన కేసయితే, ఆమె లేకుండానే తీర్పు చెప్పేయవచ్చు. దాన్ని ఎక్స్ పార్టీ తీర్పు అంటారు. సాక్షి రాకపోతే వారంటు కూడా రావచ్చు. ఒక్క తారీకు తెలియకపోతే ఇంత నష్టం.

కంప్యూటరు ఎప్పుడు వచ్చింది?

కోర్టుల్లో కంప్యూటర్లు పెట్టడానికి 2005లో ఒక పెద్ద పథకం రాశారు. 2007లో పని మొదలయింది. దీనికి ఈ-కోర్టుల పథకం అని పేరు. మొదటి దశలో దేశంలో 14,249 కింది కోర్టుల్లో కంప్యూటర్లు పెట్టారు. 2015లో రెండో దశ మొదలయింది. ఆ దశ ముగిసేసరికి లెక్క 18,735 కోర్టులకు చేరింది. 2023లో మూడో దశకు కేంద్ర ప్రభుత్వం 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. పాత కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించడం ఈ దశలో పెద్ద పని.

ఇది జనం డబ్బు. పన్నులు కట్టిన అందరి డబ్బు. కాబట్టి ఈ సౌకర్యాన్ని అడిగి వాడుకునే హక్కు అందరికీ ఉంది.

పదహారు అక్షరాల నంబరు

ఇప్పుడు ప్రతి కేసుకూ ఒక నంబరు ఇస్తారు. దాన్ని సి.ఎన్.ఆర్. నంబరు అంటారు. ఇందులో అక్షరాలు, అంకెలు కలిపి 16 ఉంటాయి. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రానికి గుర్తు. తరువాతివి జిల్లాకు, కోర్టుకు గుర్తు. చివరి నాలుగు అంకెలు కేసు వేసిన సంవత్సరం. ఒక కేసుకు ఉన్న నంబరు దేశంలో ఇంకో కేసుకు ఉండదు.

అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. చదవలేకపోయినా ఫరవాలేదు. చూసి ఉన్నదున్నట్టు దించుకోవచ్చు. దించిన తరువాత ఒక్కొక్కటి లెక్కపెట్టండి. పదహారు రావాలి. పదిహేనే వస్తే ఏదో ఒకటి వదిలేసినట్టు.

పాత పద్ధతి నంబరు కూడా ఉంటుంది. ఎం.సి. అంటే మనోవర్తి కేసు. డి.వి.సి. అంటే గృహహింస కేసు. ఓ.ఎస్. అంటే సివిలు దావా. సి.సి. అంటే మేజిస్ట్రేటు కోర్టులో నడిచే క్రిమినలు కేసు. రెండు నంబర్లూ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

ఆ నంబరుతో ఏం చెయ్యవచ్చు? ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అనే యాప్ ఉంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. అందులో ఈ నంబరు కొడితే కేసు సంగతి కనబడుతుంది. మళ్ళీ వాయిదా ఎప్పుడో కనబడుతుంది. ఇంతవరకు ఎన్ని వాయిదాలు పడ్డాయో వరుసగా కనబడుతుంది. సాక్ష్యాల దశలో ఉన్నదా, వాదనల దశలో ఉన్నదా కనబడుతుంది. జడ్జి ఇచ్చిన ఆర్డరు కంప్యూటరులో పెడితే అది కూడా కనబడుతుంది.

మనోవర్తి కేసు వేసిన అక్కకు ఇప్పుడు చీటీ కోసం ఎదురుచూడనక్కరలేదు. ముందురోజు రాత్రే చూసుకోవచ్చు. "మీ కేసు కదలడం లేదమ్మా" అని ఎవరన్నా అంటే, "నాలుగు వాయిదాలు అవతలి పక్షం రాకనే పడ్డాయి కదా బాబూ" అని అడగవచ్చు. ప్లీడర్లలో మంచివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళను అనుమానించమని కాదు. తన కేసు సంగతి తనకు తెలిసి ఉంటే, ప్లీడరుతో మాట్లాడటం కూడా తేలిక అవుతుంది.

ఫోను లేనివాళ్ళ సంగతి ఏమిటి?

చాలా కోర్టుల ఆవరణలో ఈ-సేవా కేంద్రం అని ఒక గది గాని, బల్ల గాని పెట్టారు. ఇది బజారులో ఉండే మీసేవ కాదు. కోర్టులోపలే ఉంటుంది. కేసు ఏ దశలో ఉందో అక్కడ అడిగి తెలుసుకోవచ్చు. తీర్పు నకలు కోసం దరఖాస్తు ఎలా పెట్టాలో అడగవచ్చు. జైల్లో ఉన్న మనిషితో వీడియోలో మాట్లాడటానికి సమయం అడగవచ్చు. ఉచితంగా ప్లీడరు కావాలంటే ఎవరిని కలవాలో కూడా చెబుతారు. సిగ్గుపడకండి. అడిగినవాళ్ళకు చెప్పడానికే ఆ కేంద్రం పెట్టారు.

తెరమీద విచారణ

ఇక వీడియో సంగతి. దూరాన ఉన్న మనిషి తెరమీద కనబడి సాక్ష్యం చెబితే చెల్లుతుందా? ఈ ప్రశ్న మహారాష్ట్రలో ఒక క్రిమినలు కేసులో వచ్చింది. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని ఆ కేసు. సాక్షి అమెరికాలో ఉన్న డాక్టరు. ఆయన ఇక్కడికి రానన్నాడు. వీడియోలో సాక్ష్యం తీసుకోవచ్చని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది.

చాలాకాలం ఆ పద్ధతి కొద్ది కేసుల్లోనే జరిగింది. 2020లో కరోనా వచ్చింది. కోర్టులు మూతపడ్డాయి. ఆ సంవత్సరం ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో కోర్టులన్నీ వీడియో ద్వారా పని నడుపుకోవడానికి దారి చూపింది. అప్పటినుంచి తెరమీద విచారణ కింది కోర్టులకు కూడా అలవాటయింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త చట్టం అమలులోకి వచ్చింది. క్రిమినలు కేసుల విచారణను వీడియో ద్వారా కూడా జరపవచ్చని ఆ చట్టంలో రాశారు.

ఆడవాళ్ళకు ఇది మంచిదా, చెడ్డదా? దీని మీద సుప్రీంకోర్టు జడ్జీల మధ్యనే భేదం వచ్చింది. ఆ కథ వినండి.

ఒక స్త్రీ హైదరాబాదులో ఉంటున్నది. ఆమె భర్త మధ్యప్రదేశ్ లోని జబల్ పూర్ కోర్టులో కేసు వేశాడు. ప్రతి వాయిదాకు ఆమె వందల కిలోమీటర్లు పోవాలి. కేసును హైదరాబాదుకు మార్చమని ఆమె సుప్రీంకోర్టును అడిగింది. ఇటువంటి అర్జీలు ఆ కోర్టుకు ఎన్నో వస్తుంటాయి. 2017 మార్చిలో ఇద్దరు జడ్జీలు ఒక మాట చెప్పారు. ప్రతి కేసునూ ఊరు మార్చనక్కరలేదు, వీడియోలో విచారణ జరుపుకోవచ్చు అన్నారు.

వినడానికి బాగుంది కదా? కాని కొందరు వేరే విధంగా ఆలోచించారు. భార్యాభర్తల కేసులో మొదట రాజీ ప్రయత్నం చెయ్యాలి. ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టి మాట్లాడాలి. తెరమీద ఆ పని కుదురుతుందా? లోపలి సంగతులు నలుగురికీ తెలియకుండా తలుపులు మూసి విచారించమని అడిగే హక్కు వాళ్ళకు ఉంది. వీడియోలో ఆ గుట్టు నిలుస్తుందా?

అదే సంవత్సరం అక్టోబరులో ముగ్గురు జడ్జీలు ఈ సంగతి మళ్ళీ విన్నారు. ఇద్దరు ఒక మాట చెప్పారు. ఒకరు వేరే మాట చెప్పారు. ఇద్దరి మాటే తీర్పు అయింది. రాజీ ప్రయత్నం వీడియోలో కాదు, ఎదురుగా జరగాలి. రాజీ కుదరకపోతే, ఆ తరువాత ఇద్దరూ ఒప్పుకుంటే వీడియో విచారణకు కుటుంబ కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. న్యాయం జరగడానికి అదే మంచిదని కుటుంబ కోర్టుకు తోచినా ఇవ్వవచ్చు. మూడో జడ్జి డి.వై. చంద్రచూడ్. ఆయన దీనికి ఒప్పుకోలేదు. దూరాన ఉన్న స్త్రీకి, ఉద్యోగం చేసుకునే స్త్రీకి వీడియో మేలు చేస్తుంది, ఆ తలుపు మూయకూడదు అన్నారు.

ఇందులో ఎవరి మాటలోనూ నిజం లేకపోలేదు. చంటిపిల్లను ఎత్తుకుని రాత్రంతా రైల్లో పోవలసిన తల్లికి వీడియో వరం. కాని అత్తగారింట్లో, పక్కన నలుగురు నిలబడి ఉండగా, ఫోను ముందు కూచుని మాట్లాడవలసిన కోడలికి? ఆమె నోరు విప్పి నిజం చెప్పగలదా? అందుకే వీడియో విచారణకు నియమాలు పెట్టారు. సాక్షి ఉన్న గదిలో సంబంధం లేనివాళ్ళు ఉండకూడదు. పక్కనుంచి ఎవరూ మాటలు అందించకూడదు. అట్లా జరుగుతుంటే జడ్జిగారికి చెప్పవచ్చు. చెప్పాలి కూడా. "అయ్యా, ఇక్కడ భయంగా ఉంది. కోర్టుకే వచ్చి చెబుతాను" అని అడగడం తప్పు కాదు.

ముద్దాయి ముఖం చూడకుండా సాక్ష్యం

చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరిగితే, ఆ పిల్ల కోర్టుకొచ్చి చెప్పాలి. ఎదురుగా ఆ దుర్మార్గుడు నిలబడి ఉంటే పిల్ల గొంతు పెగలదు. 2012లో పిల్లల రక్షణకు పోక్సో చట్టం వచ్చింది. సాక్ష్యం చెప్పే సమయంలో పిల్ల కంటికి ముద్దాయి కనబడకుండా చూడాలని ఆ చట్టంలో ఉంది. తెర కట్టవచ్చు. ఒకవైపు నుంచే కనబడే అద్దం పెట్టవచ్చు. వీడియో వాడవచ్చు.

హైదరాబాదులో భరోసా కేంద్రం 2016లో మొదలయింది. 2018లో అక్కడే పిల్లల కోసం ఒక కోర్టు పెట్టారు. మామూలు కోర్టులాగా భయపెట్టేటట్టు ఉండదు. 2022లో సుప్రీంకోర్టు అన్ని జిల్లాల్లోనూ ఇటువంటి సాక్ష్య కేంద్రాలు పెట్టమని చెప్పింది. పిల్లలకే కాదు, అత్యాచారానికి గురైన స్త్రీలకు కూడా వీటిని వాడుకునే వీలు ఉంది.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇటువంటి కేసుల్లో బాధితురాలి పేరు, ఊరు బయటపెట్టడం నేరం. వాట్సాపులో పంపినా నేరమే.

ఫోను కూడా సాక్షి

బెదిరిస్తూ పంపిన మెసేజి, కట్నం అడుగుతూ పంపిన మాట, ఫొటో, వీడియో, ఇవన్నీ కోర్టులో సాక్ష్యాలు కావచ్చు. అయితే ఒక పద్ధతి ఉంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం వాటితో పాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్ళు రాసి సంతకం చెయ్యాలి. రెండోది ఆ పని తెలిసిన నిపుణుడు రాయాలి. ప్లీడరు ఈ పని చేయిస్తాడు. కాని అసలు సరుకును కాపాడుకోవలసింది మాత్రం ఆమే.

ఎలా కాపాడుకోవాలి? మెసేజి చదివి కోపంతో తీసేయకూడదు. ఫోను పాతదయింది కదా అని అమ్మెయ్యకూడదు. బాగుచేసే షాపులో ఇచ్చి అన్నీ చెరిపించకూడదు. అన్నకో, తమ్ముడికో పంపుకుంటే మంచిదే. కాని అది నకలు మాత్రమే. అసలుది మొదట వచ్చిన ఫోనులోనే ఉంటుంది. పోలీసులు ఆ ఫోను తీసుకుంటే కాగితం రాయించుకోవాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక భర్త తన భార్య ఫోనులో మాట్లాడిన మాటలు ఆమెకు తెలియకుండా రికార్డు చేశాడు. వాటిని విడాకుల కేసులో పెట్టాడు. వాటిని కోర్టు చూడవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కోపంలో ఫోనులో అన్న మాట రేపు కోర్టులో వినిపించవచ్చు. జాగ్రత్త.

పోలీసులకు ఫిర్యాదు

ఇప్పుడు స్టేషనుకు పోకుండా కంప్యూటరు ద్వారా కూడా ఫిర్యాదు పంపవచ్చు. అయితే మూడు రోజుల లోపల వెళ్ళి సంతకం చెయ్యాలి. అప్పుడే అది రికార్డులోకి ఎక్కుతుంది. ఫిర్యాదు రాసుకున్న తరువాత దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల లోపల ఫిర్యాది చెవిన వెయ్యాలి. ఇవన్నీ కొత్త చట్టంలో ఉన్నాయి. అత్యాచారం కేసులో బాధితురాలి మాటలను ఆమె ఇంటి దగ్గర గాని, ఆమె కోరిన చోట గాని రాసుకోవాలి. వీలైనంతవరకు మహిళా పోలీసే రాసుకోవాలి. ఆ మాటలను సెల్ ఫోనుతో వీడియో కూడా తియ్యవచ్చు.

బెయిలు కాగితం

2021 జూలైలో ఆగ్రా జైల్లో 13 మంది ఉన్నారు. సుప్రీంకోర్టు వాళ్ళకు బెయిలు ఇచ్చింది. రోజులు గడిచినా వాళ్ళు బయటికి రాలేదు. కాగితం చేరలేదు అన్నారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన తెలుగువారే, కృష్ణా జిల్లాకు చెందిన ఎన్.వి. రమణ. ఇంత సాంకేతిక కాలంలో కూడా ఆర్డరు కోసం పావురాల వంక చూసినట్టు ఆకాశం వంక చూడాలా అని ఆయన బాధపడ్డారు. 2022 మార్చి 31న సుప్రీంకోర్టు ఆర్డర్లు కంప్యూటరు ద్వారా జైలుకు నేరుగా పంపే పద్ధతి మొదలయింది. దానికి ఫాస్టర్ అని పేరు పెట్టారు.

కింది కోర్టులకు కూడా 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బెయిలు ఇచ్చిన కోర్టు ఆ రోజే గాని, మరునాడు గాని ఆర్డరును ఈ-మెయిలులో జైలుకు పంపాలి. 7 రోజులయినా మనిషి విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలి. నెల రోజులయినా జామీను కట్టలేకపోతే, షరతులు తగ్గించే సంగతి కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు.

కొడుకో, భర్తో జైల్లో ఉన్న తల్లులు, భార్యలు ఈ మాటలు బాగా గుర్తుంచుకోవాలి. "బెయిలు వచ్చింది గాని కాగితం రాలేదు" అని ఎవరన్నా అంటే ఊరుకోకూడదు. ఏ రోజు మెయిలు పంపారు అని అడగాలి.

తెరమీద దొంగ కోర్టు

కొత్త సౌకర్యంతో పాటు కొత్త దొంగలు కూడా వచ్చారు. ఫోను మోగుతుంది. వీడియోలో పోలీసు బట్టలు వేసుకున్న మనిషి కనబడతాడు. "నీ పేరు మీద దొంగ సరుకు దొరికింది. నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం. గది దాటి కదలకు. ఎవరికీ చెప్పకు" అంటాడు. కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపిస్తాడు. డబ్బు పంపమంటాడు.

2024లో పంజాబులో ఒక పెద్ద బట్టల మిల్లు యజమానికి దొంగలు వీడియోలో దొంగ సుప్రీంకోర్టునే చూపించారు. 7 కోట్ల రూపాయలు కాజేశారు. 2025లో హర్యానాలోని అంబాలాలో ఒక ముసలి దంపతులను దొంగ కోర్టు కాగితాలతో బెదిరించి కోటి రూపాయలకు పైగా దోచారు. దానిమీద సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. బాగా చదువుకున్నవాళ్ళే మోసపోయారు. అంటే చదువు ఒక్కటే చాలదు. ఆ సంగతి తెలిసి ఉండాలి.

డిజిటల్ అరెస్టు అన్నది ఏ చట్టంలోనూ లేదు. ఏ కోర్టూ, ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చెయ్యరు. ఏ జడ్జీ ఫోనులో డబ్బు పంపమనడు. కోర్టు సమను మాత్రం ఇప్పుడు ఫోనుకు కూడా రావచ్చు. దానిమీద కోర్టు ముద్ర ఉండాలి. వస్తే భయపడకండి. డబ్బు కట్టకండి. ఆ కాగితం తీసుకుని కోర్టుకు పోయి, నిజమా కాదా అడగండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే వీలు అంత ఎక్కువ.

కంప్యూటరు చెయ్యలేని పని

కంప్యూటరు వచ్చింది కాబట్టి కేసులన్నీ చకచకా తేలిపోతున్నాయా? లేదు. 2025లో దేశంలోని కింది కోర్టుల్లో 4 కోట్ల 50 లక్షలకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. కంప్యూటరు వాయిదా తారీకు చూపిస్తుంది గాని, వాయిదా పడకుండా ఆపలేదు. అందుకు చాలినంతమంది జడ్జీలు కావాలి. అన్ని పక్షాలవాళ్ళూ సమయానికి రావాలి.

ఇంకో చిక్కు భాష. ఆర్డర్లు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇస్తే అందరూ గొప్పగా చెప్పుకున్నారు. అది ఇంకా మామూలు సంగతి కాలేదన్నమాట. ఇంకో చిక్కు ఫోను ఎవరి చేతిలో ఉందన్నది. ఇంట్లో ఒకటే ఫోను. అది భర్త చేతిలో ఉంటుంది. భర్త మీదే కేసు అయితే, కోర్టు మెసేజి ఎవరికి చేరుతుంది? కాబట్టి కేసు వేసేటప్పుడు నమ్మకమైన నంబరే ఇవ్వాలి. అమ్మదో, అక్కదో ఫరవాలేదు.

సాక్షి చెప్పిన మాటలను వెనుక చేత్తో రాసేవారు. తరువాత టైపు కొట్టారు. కేరళలో 2025 నవంబరు నుంచి, మాట వింటూనే దాన్ని రాతగా మార్చే యంత్రాన్ని కింది కోర్టుల్లో వాడుతున్నారు. అయితే తీర్పు చెప్పడానికి యంత్రాన్ని వాడకూడదని అక్కడి హైకోర్టు 2025 జూలైలోనే గట్టిగా చెప్పింది. తీర్పు మనిషే చెప్పాలి.

చేత్తో రాసినా, యంత్రం రాసినా పొరపాటు రావచ్చు. "కొట్టలేదు" అన్నది "కొట్టాడు" అని పడితే కేసే తారుమారు. రాసిన సాక్ష్యాన్ని సాక్షికి చదివి వినిపించాలని చట్టంలో ఉంది. ఆమెకు తెలియని భాషలో రాస్తే, తెలిసిన భాషలో చెప్పాలి. తప్పుంటే దిద్దమని అడగాలి. ఆ తరువాతే సంతకం. కొత్తగా సంతకం నేర్చుకున్న అక్కలు ఈ మాట మరవకూడదు. సంతకం చెయ్యడం వస్తే చాలదు. దేనిమీద చేస్తున్నారో తెలుసుకుని చెయ్యాలి.

ప్లీడరుకు డబ్బు లేకపోతే?

1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది. దాని ప్రకారం ఏ స్త్రీ అయినా ఉచితంగా ప్లీడరును అడగవచ్చు. ఆదాయం ఎంత అని లెక్క చూడరు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఫోను నంబరు 15100. గృహహింస కేసు వెయ్యడానికి అత్తగారి ఊరికే పోనక్కరలేదు. ఆమె తలదాచుకున్న ఊరి కోర్టులోనే వెయ్యవచ్చు.

అక్కల్లారా! కోర్టులో కంప్యూటరు ఒక కిటికీ లాంటిది. ఇంతకాలం లోపల ఏం జరుగుతున్నదో బయట చెట్టుకింద కూచున్న మనిషికి కనబడలేదు. ఇప్పుడు కొంత కనబడుతున్నది. కాని కిటికీ ఉంటే చాలదు. దగ్గరికి పోయి చూడాలి. చూసింది చదవాలి. చదివింది అడగాలి. కేసు ఉన్నవాళ్ళు రేపే ఆ పదహారు అక్షరాల నంబరు తెచ్చుకోండి. కేసు లేనివాళ్ళు, ఉన్నవాళ్ళకు తోడు పోండి.

గుర్తుంచుకోండి

1. కేసు నంబరు, 16 అక్షరాల నంబరు నోటు పుస్తకంలో రాసుకోవాలి.
2. వాయిదా తప్పకూడదు. ముందురోజే చూసుకోవాలి.
3. మెసేజీలు చెరపకూడదు. ఫోను అమ్మకూడదు.
4. చదివించుకోకుండా సంతకం చెయ్యకూడదు.
5. వీడియోలో అరెస్టు అనేది లేదు. డబ్బు పంపకూడదు.
6. ఉచిత ప్లీడరు కోసం 15100. డబ్బు మోసానికి 1930.

కొత్త మాటలు

విచారణ: రెండు పక్షాల మాట కోర్టు వినడం
ముద్దాయి: నేరం చేశాడని కేసు ఉన్న మనిషి
మనోవర్తి: భార్యకు, పిల్లలకు బతకడానికి ఇచ్చే డబ్బు
సమను: కోర్టుకు రమ్మని పంపే కాగితం
నకలు: అసలు కాగితాన్ని చూసి తీసిన కాపీ
జామీను: విడిచిపెట్టిన మనిషి మళ్ళీ కోర్టుకు వస్తాడని ఇచ్చే హామీ

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. వాయిదా తారీకు తెలియకపోతే ఏమేం నష్టాలు వస్తాయి?
2. భార్యాభర్తల కేసు వీడియోలో జరిగితే మంచిదా? ఎవరికి మంచిది? ఎవరికి కాదు?
3. మీ దగ్గరి కోర్టులో ఈ-సేవా కేంద్రం ఉందా? నలుగురు కలిసి పోయి చూసి రండి.
4. మీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? దానివల్ల ఏం ఇబ్బంది?
5. పోలీసునంటూ ఎవరో వీడియోలో బెదిరిస్తే ఏం చేస్తారు? ఇద్దరిద్దరుగా కలిసి మాట్లాడి చూపించండి.